19 నెలలు మంచం పక్కన నిలబడి, అనుభవం లేదంటావేం చెల్లీ?

ప్రశ్న: అక్కా, మాది పుత్తూరు. నాకు 31 ఏళ్ళు. ఇంటర్ పాసైనాను. మా ఆయన ఆటో తోల్తాడు, పిల్లలిద్దరూ బడికి పోతారు. మా అత్తకు పక్షవాతం వచ్చి మంచాన పడితే 19 నెలలు నేనే చూసుకున్నా. ముక్కుకు ఒక గొట్టం, మూత్రానికి ఒక గొట్టం. ఒక్క పుండు కూడా పడనీలేదని చూడ్డానికొచ్చిన డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆమె పోయి నాలుగు నెలలైంది. ఈ పని నాకు చేతనవుతుంది కదా అని తిరుపతిలో ఐదు ఆసుపత్రులకు పోయి నర్సింగ్ అసిస్టెంట్ పని అడిగినా. అందరూ "ఎక్స్‌పీరియన్స్ ఉందా" అనేవాళ్ళే. పని ఇస్తేనే కదక్కా అనుభవం వచ్చేది? ఒకాయన 15 వేలిస్తే ఏడాది పనిచేసినట్టు సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. తీసుకోమంటారా? ఇంకొక మాట. మొన్న ఒక ఆసుపత్రిలో ఆ ఫినాయిల్ వాసన తగలగానే అత్త గుర్తొచ్చి కళ్ళనీళ్ళు ఆగలేదు. నేను అసలు ఈ పనికి పనికొస్తానా?

సమాధానం: చెల్లీ, ముందు ఆ 15 వేల సంగతి తేల్చేద్దాం. ఇవ్వొద్దు. ఆ మనిషి మళ్ళీ ఫోను చేస్తే ఎత్తొద్దు.

తిరుపతిలో 30 ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేశాను. చివరి కొన్నేళ్ళు కొత్తవాళ్ళను తీసుకునేటప్పుడు బల్లకు ఇవతల కూర్చున్నదాన్ని. ఒకసారి ఒక అమ్మాయి వచ్చింది, రెండేళ్ళ అనుభవమని కాగితం తెచ్చింది. రామ్మా అని వార్డులోకి తీసుకెళ్ళి ఒక పేషెంటుకు బీపీ చూడమన్నా. చొక్కా చెయ్యి మీదుగానే కఫ్ చుట్టింది, అదీ తిరగేసి. అది రాకపోవడం తప్పు కాదు, ఒక పూటలో నేర్పేదాన్ని. పైగా ఆ పిల్ల వార్డులో అడుగుపెట్టగానే, మంచం మీద కిందికి జారిపోతున్న ఒక ముసలాయన్ని ఎవరూ చెప్పకుండానే పైకి జరిపి దిండు సరిచేసింది. అది చూసినప్పుడే ఈ పిల్ల మాకు కావాలి అనుకున్నా. "నాకు రాదు మేడం, నేర్చుకుంటా" అని ఉంటే ఆ రోజే తీసుకునేవాళ్ళం. కాగితం అబద్ధమని తేలాక తీసుకోలేకపోయాం. రేపు అర్ధరాత్రి జ్వరం చూడకుండానే 98.6 అని చార్టులో రాసేస్తే? ఆ అంకె చూసే కదా పొద్దున డాక్టరు మందు మార్చేది. ఆ అమ్మాయి మొహం నాకింకా గుర్తుంది. అంత మంచి చెయ్యి, ఎవడో అమ్మిన కాగితం వల్ల బయటికి పోయింది. నీకు అట్లా కాకూడదు.

ఇక "ఎక్స్‌పీరియన్స్ ఉందా" అన్న మాట. నిన్ను కాగితం అడుగుతున్నారని నువ్వనుకున్నావు. అడిగేవాళ్ళ బాధ వేరు. ఈ పనిలో చేరినవాళ్ళు చాలామంది మొదటి పది రోజుల్లోనే మానేస్తారు. బెడ్‌పాన్ ఎత్తాల్సొచ్చిన రోజు ఒకరు, మొదటి నైట్ డ్యూటీ చేసిన తెల్లారి ఒకరు, కళ్ళ ముందు మొదటిసారి ఒక పేషెంటు పోయిన రోజు ఒకరు. యూనిఫాం ఇచ్చి, పని చూపించి, రోస్టరులో పేరు వేసుకున్నాక ఎనిమిదో రోజు ఫోను స్విచాఫ్. ఆ రాత్రి ఇంకెవరో డబుల్ డ్యూటీ చెయ్యాలి. కాబట్టి వాళ్ళు అడిగేది నీకు పని వచ్చా అని కాదు, నిలబడతావా అని. పని నేర్పొచ్చు. నిలబడటం మాత్రం ఎవరూ నేర్పలేరు. ఆ ప్రశ్నకు నీ దగ్గరున్నంత గట్టి జవాబు, నిన్నగాక మొన్న కోర్సు పూర్తిచేసి వచ్చిన పిల్లల దగ్గర కూడా ఉండదు. నువ్వేమో ఐదు చోట్లా "లేదు మేడం" అని తలదించుకుని వచ్చేసి ఉంటావు.

ఒక్క పుండు కూడా పడనీలేదని రాశావు చూడు, ఆ ముక్క దగ్గర నేను ఆగిపోయాను. పక్షవాతం మనిషికి ఒత్తిడి తెలీదు, తెలిసినా కదల్లేదు, చెప్పలేదు. నడుం కింది ఎముక, తుంటి, మడమ, ఈ చోట్ల ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి రక్తం ఆడదు. కొన్ని గంటల్లోనే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎవరూ చూడకపోతే చర్మం విడిపోతుంది, పుండు లోపలికి దిగితే ఎముక కనిపించేదాకా పోతుంది. రెండు గంటలకోసారి పక్క మార్చాలి, తడి ఉండకూడదు, దుప్పటి కింద ముడత ఉండకూడదు. రాత్రి కూడా. మంచి ఆసుపత్రుల్లో, గాలి పరుపుల మీద కూడా పుండ్లు పడిన పేషెంట్లను చూశాను. పల్లె మంచం మీద 19 నెలలు పడకుండా కాపాడావంటే, అన్ని రాత్రులూ నువ్వు లేచావన్నమాట. అది అనుభవం కాకపోతే మరేది?

అయితే దాన్ని వార్డు భాషలో చెప్పాలి. "మా అత్తను చూసుకున్నా మేడం" అంటే ఇంటి కోడలి కష్టంలా వినిపిస్తుంది, విని జాలిపడి పంపేస్తారు. ఇట్లా చెప్పి చూడు: "మా అత్తకు స్ట్రోక్ వచ్చి 19 నెలలు మంచం మీదున్నారు. రెండు గంటలకోసారి పొజిషన్ మార్చేదాన్ని. స్పాంజ్ బాత్, నోటి శుభ్రం, బ్యాక్ కేర్, డయపర్లు అన్నీ నేనే. రైల్స్ ట్యూబ్ (ముక్కు గొట్టం) ఫీడ్ ఇచ్చేటప్పుడు తల వైపు ఎత్తి, ఇచ్చాక అరగంట పైనే అట్లాగే ఉంచేదాన్ని. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండేట్టు చూసి, ఎంత వచ్చిందో రాసేదాన్ని. చివరిదాకా బెడ్‌సోర్ రాలేదు. ఆసుపత్రిలో మాత్రం పనిచెయ్యలేదు మేడం, ఆ పద్ధతి నేర్చుకోవాలి." నీ ఉత్తరాన్ని బట్టి ఊహించి రాశాను. ఇందులో నువ్వు నిజంగా చేసినవే ఉంచు, చెయ్యనిది కొట్టెయ్. ఆఖరి వాక్యం మాత్రం తియ్యొద్దు. అది వినగానే ఇన్‌ఛార్జ్ సిస్టర్ మొహంలో మార్పు నీకే కనిపిస్తుంది.

అత్తకు ఇంట్లో ఇన్సులినో ఇంకోటో నువ్వే పొడిచి ఉంటే, దాన్ని గొప్పగా చెప్పొద్దు. ఇంట్లో అవసరం కొద్దీ చేశావు, తప్పులేదు. వార్డులో ఇంజెక్షన్, సెలైన్, మాత్ర, ఇవేవీ అసిస్టెంటు పని కాదు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైన నర్సు చెయ్యాల్సినవి. "ఇంజెక్షన్ చేస్తావా" అని ఎవరైనా అడిగితే "నా పని కాదు మేడం, సిస్టర్‌ని పిలుస్తా" అనాలి. కొన్ని చిన్న చోట్ల మనుషులు తక్కువై అసిస్టెంట్ల చేత సూదులు వేయిస్తారు, సెలైన్ మార్పిస్తారు. ఏదైనా తేడా జరిగిన రోజు నీ పక్కన ఎవరూ నిలబడరు. చేరిన మొదటి వారమే సిరంజి చేతిలో పెడితే అక్కడ ఉండొద్దు, ఇంకో చోటు చూసుకో.

ఇంటికీ వార్డుకూ ఇంకో పెద్ద తేడా ఉంది. ఇంట్లో మీ అత్త ఒక్కరే. వార్డులో పదిమంది. ఒకరి ఒంటి మీది క్రిమి ఇంకొకరికి చేరేది మన చేతుల మీదుగానే. చేతులు కడగడం చిన్నపిల్లలకు చెప్పే మాటలా ఉంటుంది, మా వృత్తి అంతా దాని మీదే నిలబడి ఉంది. పేషెంటును ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, ఒంట్లోంచి వచ్చిన ఏ ద్రవమైనా తగిలాక, పేషెంటు మంచం, టేబులు ముట్టుకున్నాక కూడా కడగాలి. సబ్బు నీళ్ళతో అయితే 40 నుంచి 60 సెకన్లు, చేతికి రాసుకునే శానిటైజరైతే 20 నుంచి 30. గ్లవ్స్ వేసుకున్నాం కదా అని వదిలేస్తారు చాలామంది. గ్లవ్స్ తీశాక కూడా కడగాల్సిందే. ఇంట్లో గడియారం పెట్టుకుని అలవాటు చేసుకో. 40 సెకన్లు ఎంత పొడుగో అప్పుడు తెలుస్తుంది.

ఆసుపత్రి చెత్త బుట్టల రంగులు కూడా వెళ్ళేలోపు నేర్చుకో. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది ఇదే, కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం రక్తం, చీము అంటిన దూది, కట్టు గుడ్డలు పసుపు బుట్టలోకి. సెలైన్ గొట్టాలు, యూరిన్ బ్యాగులు, గ్లవ్స్, సూది తీసేసిన సిరంజిలు ఎర్ర బుట్టలోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలోకి. మందు సీసాలు, పగిలిన గాజు నీలంలోకి. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టే పని ఎప్పుడూ చెయ్యొద్దు. ఎవరైనా పడేసి పోయిన సూది నీకు గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బు నీళ్ళతో కడిగి ఆ క్షణమే సిస్టర్‌కి చెప్పు. హెచ్ఐవి రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లో మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం లేదు. తిడతారని దాచిపెట్టినవాళ్ళను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు ఒకటి, ఆరో నెలకు ఒకటి. చేరేచోట వేయిస్తారా అని అడుగు. వేయించకపోతే ఖర్చు పెట్టుకునైనా వేయించుకో.

అంకెలు కొన్ని నోటికి రావాలి. పెద్దవాళ్ళకు నాడి నిమిషానికి 60 నుంచి 100, ఊపిరి 12 నుంచి 20, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్‌లో 95 పైన. బీపీ మిషను తెలిసినవాళ్ళ దగ్గర ఉంటే పదిమందికి చూసి రాయి. రాసేటప్పుడు తేదీ, టైము, పక్కన నీ సంతకం. నాడి ఒక్క నిమిషం పూర్తిగా లెక్కపెట్టు, 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే అలవాటు మొదట్లోనే పడొద్దు. గుండె గతి తప్పినవాళ్ళ దగ్గర ఆ లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఎక్కడికి పోవాలి అన్నది. ఒక్క పేరు పట్టుకుని అడిగితే పని దొరకదు. నువ్వు "నర్సింగ్ అసిస్టెంట్" అంటావు, ఒకచోట దాన్ని జీడీఏ అంటారు, అంటే జనరల్ డ్యూటీ అసిస్టెంట్, ఇంకోచోట పేషెంట్ కేర్ అసిస్టెంట్, ప్రభుత్వ ఆసుపత్రిలో ఆడవాళ్ళకు ఎఫ్ఎన్ఓ, మగవాళ్ళకు ఎంఎన్ఓ, అంటే నర్సింగ్ ఆర్డర్లీ. చిన్న నర్సింగ్ హోముల్లో ఉత్త "ఆయమ్మ". ఆ పేరు విని చిన్నబుచ్చుకోవద్దు. అదే సమయంలో ఆ పేరు మీద గదులు తుడిచే పని, పేషెంటును చూసే పని రెండూ ఒకరికే అంటగడుతున్నారేమో కనుక్కో. బాత్రూములు కడిగిన చేత్తో పేషెంటుకు అన్నం పెట్టమనే చోటు ఎవరికీ మంచిది కాదు.

నువ్వు వెళ్ళిన ఐదూ పెద్ద ఆసుపత్రులే అయ్యుంటాయి. వాటిలో రిసెప్షన్ దగ్గర బయోడేటా ఇస్తే అది సొరుగులోనే ఉంటుంది. చాలాచోట్ల ఈ పనికి మనుషుల్ని పెట్టేది బయటి కాంట్రాక్టరు. ఎయిర్ బైపాస్ రోడ్డు, రేణిగుంట రోడ్డు, రుయా ప్రభుత్వాసుపత్రి చుట్టుపక్కల 20, 30 పడకల నర్సింగ్ హోములు బోలెడున్నాయి. కాన్పులు, ఎముకల ఆపరేషన్లు, కిడ్నీ రాళ్ళు చూసేవి. నీకు మొదటి తలుపు తెరిచేది అవే. పొద్దున రౌండ్స్ జరిగేటప్పుడు పోతే ఎవరూ తలెత్తరు. పదకొండున్నర, పన్నెండు మధ్య పో. రిసెప్షన్‌లో "ఉద్యోగం ఉందా" అనొద్దు, "ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని ఐదు నిమిషాలు కలవాలి" అను. ఖాళీ లేదని చెప్తే పేరు, ఫోను నంబరు ఇచ్చి, పది రోజులు ఆగి మళ్ళీ పో. నేను తీసుకున్నవాళ్ళలో రెండోసారి వచ్చినవాళ్ళే ఎక్కువ. ఎవరో ఒకరు మానేసి ఉంటారు, అదే రోజు మళ్ళీ నువ్వు ఎదురుగా కనిపిస్తావు.

చిత్తూరు వైపు కూడా చూడు. మురకంబట్టులో అపోలో వాళ్ళ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, వేలూరు సీఎంసీ వాళ్ళ చిత్తూరు క్యాంపస్ ఉంది. నీకు దూరమే కానీ ఈ ఉత్తరం చదివే చిత్తూరు, గుడిపాల వాళ్ళకు దగ్గర. అలిపిరి దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఇంటర్ అయిన పల్లెటూరి అమ్మాయిలను తీసుకుని, స్టైపెండ్ ఇచ్చి, రెండేళ్ళు నేర్పించి కంటి విభాగంలో పెట్టుకునే పద్ధతి నడుపుతారు. అది ఇప్పుడే ఇంటర్ అయిన పిల్లలకు సరిపోతుంది, మీ వీధిలో అట్లాంటివాళ్ళుంటే చెప్పు.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, అంటే రుయా, ప్రసూతి ఆసుపత్రి లాంటి చోట్ల, ఎఫ్ఎన్ఓ పోస్టులు ఎక్కువగా కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతిలోనే వస్తాయి. మామూలుగా పదో తరగతి మార్కులే ముఖ్యం, ఇంటర్వ్యూలో ఆకట్టుకునే పనిలేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయాక తిరుపతి, చిత్తూరు రెండు జిల్లాల వెబ్‌సైట్లూ చూడాలి. కొన్ని నోటిఫికేషన్లు విడిగా, కొన్ని పాత ఉమ్మడి జిల్లా పేరుతో వస్తాయి. దేవస్థానం ఆసుపత్రులు స్విమ్స్, బర్డ్ తమ నోటిఫికేషన్లు తామే వేసుకుంటాయి. గడువు వారం, పది రోజులే ఉంటుంది. అప్పుడు స్టడీ సర్టిఫికెట్ల కోసం బడికి పరుగెత్తితే అందవు. నాలుగు నుంచి పది వరకు చదివిన సర్టిఫికెట్లు, పదో తరగతి మార్కుల మెమో, కుల ధ్రువీకరణ, ఆధార్ ఇప్పుడే జిరాక్సులు తీసి ఒక ఫైల్లో పెట్టుకో. ఇక, "దేవస్థానంలో మనవాళ్ళున్నారు, ఇంత ఇస్తే వేయిస్తా" అనేవాళ్ళు తిరుపతిలో టీ బంకుకొకడు దొరుకుతాడు. కొండ పేరు చెప్పి పేదవాళ్ళ దగ్గర డబ్బు గుంజేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పుస్తెలు కుదువపెట్టి ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఒక్కరికి కూడా పని రాలేదు.

కోర్సు చెయ్యాలా అని నువ్వు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెప్తారు. కేంద్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ పథకం కింద జనరల్ డ్యూటీ అసిస్టెంట్ కోర్సు ఉంది, కొన్ని నెలలది, నీ చదువు దానికి చాలు. పథకం కింద నడిచే సెంటర్లో ఫీజు ఉండదు. చేస్తే మంచిదే. సెంటరుకు పోయినప్పుడు ఒక్క ప్రశ్న అడుగు: ఆసుపత్రిలో ఎన్ని రోజులు పని చేయిస్తారు, ఏ ఆసుపత్రిలో, అది కాగితం మీద రాసిస్తారా? బొమ్మ మీద నేర్పి పంపించే కోర్సు నీకు అక్కర్లేదు, నువ్వు మనిషి మీద నేర్చుకున్నదానివి. నీకు కావాల్సింది ఆ వార్డు రోజులే, అవే నీ బయోడేటాలో ఆసుపత్రి పేరు చేర్చేవి. "ఆరు నెలల్లో నర్సు" అని బోర్డు పెట్టే చోటుకు మాత్రం పోవద్దు. ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, ఇవి చేసి కౌన్సిల్‌లో రిజిస్టరైతేనే నర్సు. మా వీధిలో ఒక పిల్ల ఏడాది ఫీజు కట్టి, తీరా చూస్తే ఆ కాగితం ఎక్కడా చెల్లదని తెలిసి ఏడ్చింది. ఆ డబ్బు వాళ్ళ నాన్న ఆవును అమ్మి కట్టినది.

కోర్సు అయ్యేదాకా పని వెతకడం మాత్రం ఆపొద్దు. ముందు పని దొరికితే పనిలో చేరిపో.

ఇంటర్వ్యూలో నిన్ను తప్పకుండా అడిగేది నైట్ డ్యూటీ గురించి. పుత్తూరు నుంచి రావాలి, ఇద్దరు పిల్లలు, ఎట్లా అంటారు. అక్కడ నిలబడి ఆలోచించడం మొదలుపెడితే పని పోతుంది. ఈ రాత్రే మీ ఆయనతో కూర్చుని మాట్లాడు. నిజానికి నైట్ కంటే నీకు ఇబ్బంది మధ్యాహ్నం డ్యూటీ. నైట్ అంటే సాయంత్రం పోయి పొద్దున వస్తావు, రైలో బస్సో దొరుకుతుంది. రెండింటికి మొదలయ్యే డ్యూటీ ఎనిమిదికి అయిపోయి, తర్వాతి సిస్టర్‌కి పేషెంట్లను అప్పజెప్పి బయటపడేసరికి తొమ్మిది అవుతుంది. ఆ వేళ పుత్తూరు ఎట్లా చేరతావు? స్టేషన్లో దిగాక మీ ఆయన ఆటో ఉంటుందా? ఇది తేల్చుకుని పోయి, "నైట్లు ఎన్నైనా చేస్తా మేడం, మధ్యాహ్నం డ్యూటీ పడితే ఎనిమిదిన్నరకు వదలాలి" అని చెప్పు. నైట్లు చేస్తానని ముందుగా అనేవాళ్ళు దొరకడం కష్టం, ఆ మాటకు విలువుంటుంది. "మగ పేషెంట్లకు కూడా చెయ్యాలి, చేస్తావా" అని అడుగుతారు. దానికీ ఇంట్లో మాట్లాడుకునే పో.

నువ్వు రాయని సంగతి ఒకటి. పుత్తూరు దానివి కాబట్టి తమిళం వచ్చే ఉంటుంది. తిరుత్తణి, అరక్కోణం, వేలూరు వైపు నుంచి తిరుపతి ఆసుపత్రులకు ఎంతమంది వస్తారో నీకు తెలుసు. నొప్పి ఎక్కడుందో తమిళంలో చెప్పే ముసలామె ముందు, తెలుగు తప్ప రాని సిస్టర్ నిలబడి చూస్తుంటుంది. బయోడేటాలో పేరు కింద రెండో లైనే అది కావాలి: తెలుగు, తమిళం మాట్లాడతాను.

పని ఇస్తామన్నాక సంతోషంలో అన్నిటికీ తల ఊపొద్దు. రెండు మూడు రోజులు ఊరికే చూడమంటే సరే, నెల రోజులు జీతం లేకుండా చేయించుకుంటామంటే వద్దు. అపాయింట్‌మెంట్ కాగితం అడుగు. జీతం ఎంత, వారానికి సెలవు ఎప్పుడు, పీఎఫ్ కడతారా అని అడుగు. నెల జీతం 21,000 లోపు ఉండి, ఆసుపత్రి ఈఎస్ఐ కిందికి వస్తే, నీ జీతంలో వందకు ముప్పావు రూపాయి కోసుకుని వాళ్ళు మూడుంపావు కడతారు. నీకూ పిల్లలకూ వైద్యం దాంట్లో జరుగుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి రావొద్దు. చూపించు, జిరాక్సు ఇవ్వు, ఒరిజినల్ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకో. సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో ఇరుక్కుపోయి, మంచి పని వచ్చినా మారలేకపోయిన అమ్మాయిలను చాలామందిని చూశాను.

ఇంక నీ చివరి ప్రశ్న. ఉత్తరంలో దాన్ని చివర్లో, ఏదో మొహమాటంగా రాశావు. నాకు మాత్రం అదే అన్నిటికంటే పెద్దది అనిపించింది.

నాలుగు నెలలే అయింది చెల్లీ. వాసన తగిలి ఏడుపు వచ్చిందంటే నువ్వు బలహీనురాలివని కాదు. అన్ని నెలలు ఆ మనిషి ఒంటి వేడి, ఊపిరి చప్పుడు తెలిసినదానివి. ఏడుపు రాకపోతేనే ఆశ్చర్యం. నేను మా అమ్మ పోయిన తర్వాత వార్డులోకి వచ్చిన మొదటి రోజు, అమ్మ వయసు పేషెంటుకు జడ వేస్తూ చేతులు వణికి, లేచి స్టోర్ రూములోకి పోయి పది నిమిషాలు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి ఆ జడ పూర్తిచేశాను. అప్పటికి నాకు సర్వీసు ఇరవై ఏళ్ళు. ఏడ్చేవాళ్ళు ఈ పనికి పనికిరారనుకుంటే వార్డులు ఖాళీ అవుతాయి. ఏడుపు వచ్చినప్పుడు పేషెంటు చెయ్యి మధ్యలో వదలకుండా, పక్కనున్న సిస్టర్‌కి చెప్పి వెళ్ళి, తిరిగి రాగలగడం. అంతే కావాల్సింది.

అయినా నిన్ను నువ్వు ఒకసారి చూసుకో. రుయాలో సాయంత్రం చూడ్డానికి వచ్చేవాళ్ళను వదిలే వేళ, ఏదో ఒక మెడికల్ వార్డు బయట వరండాలో బెంచీ మీద ఒక గంట కూర్చో. ఎవరినీ ఏమీ అడగొద్దు. స్ట్రెచర్లు పోతుంటాయి, వాసన వస్తుంది, ఎవరో ఏడుస్తారు. మొదటి పావుగంట కష్టంగా ఉంటుంది. గంట గడిచేసరికి నీ కళ్ళు ఎటు పోతున్నాయో గమనించు. సెలైన్ అయిపోవచ్చిన సీసా మీద, నేల మీద జారుతున్న దుప్పటి అంచు మీద, దాహంగా చూస్తున్న ముసలామె మీద పోతుంటే, పొద్దున్నే బయోడేటా రాసుకో. ఇంకా అత్తే కనిపిస్తుంటే, కాన్పుల ఆసుపత్రో, కంటి ఆసుపత్రో, ఓపీ పనో అడుగు. మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి ఏడాది తర్వాతైనా పోవచ్చు. ఆ వార్డులు ఎక్కడికీ పోవు, నీలాంటి మనిషి అవసరం అక్కడ ఎప్పుడూ ఉంటుంది.

పోయి వచ్చాక ఎట్లా ఉందో రెండు ముక్కలు రాయి.